పుర్రె ఎముక లోపలికి కుంగి, మెడ వెన్నుపూస జారిన రోగి: ఏ ఆపరేషన్ ముందు, ఎందుకు?

తలకు గట్టి దెబ్బ తగిలిన వారికి మెడ వెన్నుపూసలు కూడా దెబ్బతిని ఉండవచ్చన్నది అత్యవసర విభాగంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయమే. స్పృహ సరిగా లేని రోగికి కాలర్ వేసి, తల సీటీతో పాటు మెడ సీటీ కూడా తీయడం అందుకే అలవాటుగా మారింది. అయితే రెండు చోట్లా ఆపరేషన్ చేయవలసిన గాయాలే బయటపడితే ఏం చేయాలన్నది అంత తేలికగా తేలదు. పుర్రె ఎముక విరుపుకు, మెడ వెన్నుపూస జారుడుకు విడివిడిగా స్థిరపడిన చికిత్సలు ఉన్నాయి కానీ, అవి ఒకే శరీరంలో కలిసినప్పుడు ఒకదాని పనిముట్లను రెండోది వాడనివ్వదు. ఈ రోగి విషయంలో మా నిర్ణయాలు చాలావరకు ఆ అడ్డంకుల చుట్టూనే తిరిగాయి. రోగి, కుటుంబం అనుమతితోనే దీనిని రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసివేశాను, కొన్నింటిని మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

రోగి నలభై ఏళ్లు దాటిన పురుషుడు. ఎత్తు నుంచి తలకిందులుగా పడ్డారు. గాయమైన సుమారు 3 గంటలకు మా దగ్గరకు చేరారు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, మాటలు పొంతన లేకుండా ఉన్నాయి, చెప్పిన పని చేస్తున్నారు. స్పృహను 3 నుంచి 15 వరకు కొలిచే గ్లాస్గో కోమా స్కోరు 13. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వెన్నుపాము దెబ్బతిన్న రోగికి ఈ స్కోరులోని కదలికల భాగాన్ని చేతి వేళ్లతోనో కాళ్లతోనో లెక్కిస్తే స్కోరు అబద్ధం చెబుతుంది. "నా వేలు పట్టుకోండి" అన్నప్పుడు ఈయన వేళ్లు కదల్లేదు. "మోచేయి ముడవండి" అన్నప్పుడు వెంటనే ముడిచారు. వేళ్ల కదలికనే ప్రమాణంగా తీసుకుని ఉంటే స్కోరు పడిపోయేది, మెదడు గాయం ఉన్నదానికంటే తీవ్రమైనదని భావించి చికిత్స దారి మళ్లేది.

రక్తపోటు 92/54, నాడి 58. తలపై చర్మం చీలి రక్తం కారుతున్న రోగిలో రక్తపోటు తగ్గితే రక్తస్రావమే కారణమని ముందుగా అనుకోవాలి. అయితే రక్తం పోతున్న మనిషి నాడి వేగంగా కొట్టుకుంటుంది, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. ఈయన పాదాలు వెచ్చగా ఉన్నాయి. పొట్ట, ఛాతీ అల్ట్రాసౌండ్‌లో రక్తం కనిపించలేదు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, గుండెకూ రక్తనాళాలకూ అందే సింపథెటిక్ నాడుల సంకేతాలు తెగినందువల్ల వచ్చిన న్యూరోజెనిక్ షాక్ ఇది అని నిర్ధారించుకున్నాము. ద్రవాలు పరిమితంగానే ఎక్కించి, రక్తపోటు పెంచే నోర్‌ఎడ్రినలిన్ మొదలుపెట్టాము.

కండరాల బలం మోచేయి ముడిచేచోట పూర్తిగా ఉంది. 0 నుంచి 5 దాకా ఉండే కొలమానంలో మణికట్టు పైకెత్తడంలో 3, మోచేయి చాచడంలో 2, వేళ్లలో 1, తుంటి, మోకాళ్ల దగ్గర 2. మలద్వారం చుట్టూ స్పర్శ తెలుస్తోంది, అదుపు బలహీనంగా ఉంది. అంటే గాయం కింద కదలిక కొంత మిగిలే ఉంది. వెన్నుపాము గాయాన్ని ఎ (పూర్తి నష్టం) నుంచి ఇ (మామూలు) దాకా వర్గీకరించే ఏషియా కొలమానంలో ఇది సి తరగతి. ఈ పరీక్షను మత్తు మందు ఏదీ ఇవ్వకముందే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చేసి, సమయంతో సహా నమోదు చేశారు. ఒకసారి మత్తిచ్చి శ్వాస గొట్టం వేశాక మళ్లీ ఇలాంటి పరీక్షకు అవకాశం రాదు.

తల సీటీలో కుడివైపు నుదురుకూ నడినెత్తికీ మధ్య ఎముక ముక్కలై సుమారు 14 మిల్లీమీటర్లు లోపలికి కుంగింది. దాని మీదనే చర్మం చీలి, గాయంలో ఇసుక, వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. కింద మెదడు కమిలింది, పుర్రె లోపల కొద్దిగా గాలి చేరింది, మధ్యరేఖ మాత్రం పక్కకు జరగలేదు. ఈ విరుపు నుంచి బయలుదేరిన సన్నని పగుళ్లు రెండువైపులా కణతల దాకా పాకాయి. ఆ క్షణానికి అవి చిన్న విషయంగానే అనిపిస్తాయి. మా ప్రణాళికను నిజంగా మార్చింది మాత్రం ఆ సన్నని పగుళ్లే.

మెడ సీటీలో అయిదో వెన్నుపూస ఆరో దానిపై దాదాపు సగం వెడల్పు ముందుకు జారింది. వెన్నుపూసల వెనుక భాగంలో ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి వాలి ఉండే ఫెసెట్ కీళ్లు రెండువైపులా దాటిపోయి చిక్కుకున్నప్పుడే సాధారణంగా ఇంత జారుడు కనిపిస్తుంది. ఒకవైపు మాత్రమే తప్పితే జారుడు పావు వెడల్పు దగ్గర ఆగుతుంది. కుడి ఫెసెట్ కొన కూడా విరిగింది. రక్తనాళాల సీటీలో, మెడ వెన్నుపూసల గుండా మెదడు వెనుక భాగానికి వెళ్లే వెర్టిబ్రల్ ధమనుల్లో కుడిది మూసుకుపోయి ఉంది, ఎడమది బాగుంది. ఎంఆర్ఐలో చితికిన డిస్క్ ముక్క అయిదో వెన్నుపూస వెనకకు జరిగి వెన్నుపామును నొక్కుతోంది.

దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోవడం

పూర్తి స్పృహలో ఉన్న రోగికి ఇలాంటి జారుడు ఉంటే, చెవుల పైన పుర్రెకు గార్డ్‌నర్-వెల్స్ టాంగ్స్ (రెండువైపులా మొనలున్న పట్టకారు) బిగించి, బరువులు కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి పెంపు తర్వాత కాళ్లూ చేతులూ కదిలించమని అడుగుతూ వెన్నుపూసను స్థానంలోకి తేవచ్చు. ఆపరేషన్ థియేటర్ సిద్ధమయ్యేలోపే వెన్నుపాముపై ఒత్తిడి తగ్గుతుందన్నది దానిలోని గొప్ప సౌలభ్యం. మాకు ఆ అవకాశం రెండు విధాలుగా లేకుండా పోయింది. టాంగ్స్ మొనలు దిగవలసిన చోటే పగుళ్లు ఉన్నాయి. బరువు వేలాడదీస్తే మొన లోపలికి దిగిపోవచ్చు. అది అటుంచినా, తికమకలో ఉన్న రోగి "కాలు మొద్దుబారుతోంది" అని చెప్పగలరన్న భరోసా లేదు. వెనకకు జారిన డిస్క్ ముక్క ఉందని తెలిశాక, హెచ్చరించే నోరు లేకుండా మెడను లాగడం సరికాదనుకున్నాము. హేలో కట్టు (తల చుట్టూ వేసే లోహపు వలయం) కూడా పుర్రెకు బిగించవలసిందే కనుక అదీ పక్కకు పోయింది.

స్టెరాయిడ్ల గురించి చర్చ జరిగింది. 1990లో వచ్చిన రెండో నాసిస్ అధ్యయనం తర్వాత వెన్నుపాము గాయానికి అధిక మోతాదు మిథైల్‌ప్రెడ్నిసోలోన్ చాలాకాలం వాడారు; ఇప్పటికీ దానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయితే తల గాయం ఉన్న రోగికి అదే మందు హాని చేస్తుందని 2004లో క్రాష్ అధ్యయనం చూపింది: 10,008 మందిలో రెండు వారాల లోపు మరణాలు స్టెరాయిడ్ తీసుకున్న వారిలో 21.1 శాతం, తీసుకోని వారిలో 17.9 శాతం. మా రోగికి తలలో గాయం ఉంది కాబట్టి ఇవ్వకూడదని తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

అలాగే మెదడు వాపుకు మానిటాల్ ఇస్తే మూత్రం ఎక్కువై రక్తపోటు పడిపోతుంది, అది వెన్నుపాముకు చేటు. అవసరమైతే హైపర్‌టానిక్ సెలైన్ (గాఢమైన ఉప్పు ద్రావణం) వాడాలనుకున్నాము. మూర్ఛలు రాకుండా ఇచ్చే మందుల్లో నరం ద్వారా ఇచ్చే ఫెనిటాయిన్ కూడా రక్తపోటును తగ్గించగలదు కనుక లెవెటిరాసెటామ్ ఎంచుకున్నాము. మూసుకుపోయిన వెర్టిబ్రల్ ధమనికి ఆస్పిరిన్ ఇవ్వడం మామూలే, కానీ కమిలిన మెదడు ముందు అది ఆగవలసిందే.

రక్తపోటు దగ్గర చిక్కు ఇంకా లోతైనది. వెన్నుపాముకు రక్తం బాగా అందాలంటే సగటు రక్తపోటు 85 నుంచి 90 మధ్య ఏడు రోజులు ఉంచాలని 2013 మార్గదర్శకాలు సూచించాయి. 2024లో వచ్చిన, వెన్నెముక నిపుణుల సంస్థ ఏఓ స్పైన్ మార్గదర్శకాలు దానిని సడలించి కింది హద్దును 75-80గా, పై హద్దును 90-95గా, వ్యవధిని మూడు నుంచి ఏడు రోజులుగా పెట్టాయి. మేము మొదట 85కు పైనే ఉంచాము. కొన్ని గంటల తర్వాత తీసిన రెండో సీటీలో మెదడులోని కమిలిన భాగం కొంచెం పెరిగింది. రక్తపోటు పెంచడమే దానికి కారణమని చెప్పలేము, ఎందుకంటే ఇలాంటి కమిలిన గాయాలు తొలి గంటల్లో వాటంతటవే పెరుగుతాయి. అయినా మెదడు లోపలి ఒత్తిడి తెలియకుండా పైనుంచి రక్తపోటు పెంచుతూ పోవడం గుడ్డిగా చేసే పని కనుక, ఆ ఒత్తిడిని కొలిచే ఏర్పాటు జరిగేవరకు 80 దగ్గర నిలిపాము.

ముందు తలా, మెడా?

కుటుంబ సభ్యులతో మాట్లాడినప్పుడు రోగి అన్నగారు, "తల ముఖ్యం కదా డాక్టరు గారూ, ముందు అది చేసేయండి, మెడ సంగతి నాలుగు రోజులు ఆగి చూద్దాం" అన్నారు. ఆయన మాటలో మొదటి సగంతో మేము ఏకీభవించాము, కారణం మాత్రం వేరు. ఏ గాయం పెద్దది అని చూస్తే మెడదే తొందర: మెదడును నెట్టేసే రక్తపు గడ్డ లేదు, స్కోరు నిలకడగా ఉంది, వెన్నుపాములో మాత్రం కాపాడుకోగలిగింది ఇంకా మిగిలి ఉంది. గాయమైన 24 గంటల లోపు వెన్నుపాముపై ఒత్తిడి తీసేస్తే కోలుకునే అవకాశం మెరుగవుతుందని 2012లో స్టాసిస్ అధ్యయనం చూపిన తర్వాత, నాలుగు రోజులు ఆగడమన్న ప్రశ్నే లేదు.

అయినా తలతో మొదలుపెట్టాము. మెడ ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది, బహుశా రోగిని బోర్లా తిప్పవలసి వస్తుంది. బోర్లా పడుకోబెడితే మెదడు లోపలి ఒత్తిడి పెరుగుతుంది, మత్తులో ఉన్న మనిషిని పరీక్షించలేము. కాబట్టి ఒత్తిడి కొలిచే ప్రోబ్ ముందే లోపల ఉండాలి. స్కోరు 13 ఉన్న రోగికి మామూలుగా ఆ ప్రోబ్ అవసరం లేదు. ఇక్కడ దాని అవసరం మెడ ఆపరేషన్ వల్ల వచ్చింది. రెండో కారణం, ఇసుక నిండిన, డ్యూరా (మెదడును కప్పి ఉంచే గట్టి పొర) చిరిగినట్టు అనుమానమున్న గాయాన్ని శుభ్రం చేయకుండా ముఖాన్ని దిండుపై ఆనించి గంటలు గడపలేము. పుర్రె పని సుమారు గంటన్నరలో ముగుస్తుందన్న అంచనాతో, అదే మత్తులో వెంటనే మెడకు వెళ్లాలని నిర్ణయించాము.

తల ఆపరేషన్

రోగి సహకరించే స్థితిలో లేరు, దగ్గితే మెదడు ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల మెలకువగా ఉంచి గొట్టం వేసే పద్ధతి వదిలి, ఒకరు తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకోగా, కాలర్ ముందు భాగం తీసి, వీడియో లారింగోస్కోప్‌తో గొట్టం వేశారు. నడినెత్తి పక్కన విరుపు ఉంటే సాధారణంగా తలను పక్కకు తిప్పి ఆపరేషన్ చేస్తాము. ఇక్కడ తల తిప్పలేము కాబట్టి మొత్తం టేబుల్‌నే ఎడమకు వాల్చాము.

ఇరుక్కున్న ఎముక ముక్కను నేరుగా పైకి ఎత్తే ప్రయత్నం చేయలేదు. దాని అంచు డ్యూరాలోనో, మెదడు ఉపరితలపు సిరలోనో గుచ్చుకుని ఉంటే ఎత్తగానే రక్తం పొంగుతుంది, మూలం మాత్రం కంటికి కనిపించదు. విరుపు పక్కన గట్టి ఎముకలో చిన్న రంధ్రం చేసి, అక్కడి నుంచి అంచు చుట్టూ ఎముకను కొద్దికొద్దిగా కొరికి, ముక్క దానంతటది వదులయ్యాక తీశాము. కింద డ్యూరాలో సుమారు 2 సెంటీమీటర్ల చిరుగు ఉంది. పుర్రెపై పొరను కత్తిరించి దానితో కుట్టి మూసివేశాము. పెద్దవిగా, శుభ్రంగా ఉన్న ఎముక ముక్కలను బాగా కడిగి చిన్న ప్లేట్లతో తిరిగి అమర్చాము, ఇసుక దిగబడిన చిన్న ముక్కలను పారేశాము. గాయమై కొన్ని గంటలే గడిచి, చీము లక్షణాలు లేనప్పుడు ఎముకను తిరిగి పెట్టడం వల్ల రోగికి మరో ఆపరేషన్ తప్పుతుంది. ప్రోబ్‌ను ఎడమ నుదుటి వైపు, చర్మం చెక్కుచెదరని చోట అమర్చాము. మొదటి కొలత 15 (రక్తపోటులాగే మిల్లీమీటర్ల పాదరసంలో).

ఇప్పుడు లెక్క కుదిరింది. సగటు రక్తపోటు 85, లోపలి ఒత్తిడి 15 అయితే మెదడుకు రక్తం అందించే ఒత్తిడి 70. మెదడు గాయంలో కోరుకునే 60-70 పరిధికి అది పై అంచు. ఇక్కడ చాలాచోట్ల పొరపాటు జరిగేది రక్తపోటును కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ ఎత్తు దగ్గర. తల 30 డిగ్రీలు పైకెత్తి ఉంటే చెవి గుండెకంటే ఇంచుమించు 15 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది, అక్కడి రక్తపోటు గుండె దగ్గరికంటే సుమారు 11 తక్కువ. ట్రాన్స్‌డ్యూసర్‌ను గుండె ఎత్తులో ఉంచి చూస్తే మెదడుకు 70 అందుతోందనుకుంటాము, నిజానికి అందేది 59. మత్తు డాక్టరు దానిని చెవి ఎత్తులో బిగించి, టేబుల్ వంపు మారినప్పుడల్లా సరిచేశారు.

మెడ: ముందునుంచి సాధ్యం కానిది

డిస్క్ ముక్క వెన్నుపాము ముందు ఉంది కనుక మెడ ముందు భాగం నుంచే వెళ్లాలి. వెనకనుంచి వెన్నుపూసను వెనక్కు లాగితే ఆ ముక్కను వెన్నుపాములోకి నెట్టినట్టవుతుంది. డిస్క్‌ను పూర్తిగా తీసేశాము. ఆ తర్వాత రెండు వెన్నుపూసల్లో పిన్నులు దింపి, వాటిని మెల్లగా దూరం జరుపుతూ వెన్నుపూసను వెనక్కు దాటించేందుకు ప్రయత్నించాము. కదలలేదు.

ఇలాంటి వేళ నాడుల సంకేతాలను గమనించే యంత్రమే తోడు. కానీ కదలికల మార్గాన్ని పరీక్షించే పద్ధతిలో పుర్రెపై విద్యుత్తు ఇవ్వాలి. ఎముక లోపం, కమిలిన మెదడు, మూర్ఛల భయం ఉన్నచోట దానిని వాడడానికి వెనకాడాము. మిగిలింది స్పర్శ మార్గపు సంకేతాలు మాత్రమే. అవి వెన్నుపాము వెనుక భాగం గురించే చెబుతాయని తెలిసీ వాటితోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. పిన్నుల మధ్య దూరం మరికొంత పెంచగానే కాళ్ల నుంచి వచ్చే తరంగం ఎత్తు సగానికి పడిపోయింది. వెంటనే వదులు చేశాము. రక్తపోటు చూసుకుంటూ ఆగగా తరంగం తిరిగి వచ్చింది. విరిగిన ఫెసెట్ కొన కీలులో అడ్డంగా ఇరుక్కుందని సీటీ చూసి ముందే అనుమానించాము. ఇంకా బలం పెడితే ఎముక కదిలేలోపే వెన్నుపాము సాగుతుంది. ముందునుంచి ప్రయత్నం అక్కడితో ఆపేశాము.

దీని తర్వాత రెండు దారులు ఉన్నాయి. ముందు భాగాన్ని తాత్కాలికంగా మూసి, బోర్లా తిప్పి వెనకనుంచి సరిచేసి, మళ్లీ వెల్లకిలా తిప్పి ముందు గ్రాఫ్ట్ (డిస్క్ ఖాళీని నింపే ఎముక ముక్క) పెట్టడం మొదటిది. ఇందులో మెడ అస్థిరంగా ఉన్న రోగిని రెండుసార్లు తిప్పాలి, మత్తు సమయం పెరుగుతుంది. తుంటి ఎముక గ్రాఫ్ట్‌ను ఇప్పుడే డిస్క్ ఖాళీలో పెట్టి, పై వెన్నుపూసకు మాత్రమే స్క్రూలతో బిగించిన చిన్న ప్లేట్‌ను దానికి ముందు తలుపులా నిలిపి, బోర్లా తిప్పడం రెండోది. ప్లేట్ కింది సగం స్వేచ్ఛగా ఉంటుంది కనుక వెన్నుపూస వెనక్కు వచ్చేటప్పుడు దానితో పాటు జరుగుతుంది, గ్రాఫ్ట్ ముందుకు జారదు. ఒక్కసారి తిప్పడంతో పని ముగుస్తుంది కనుక దీనిని ఎంచుకున్నాము. మెదడు గాయం లేని రోగి అయితే మొదటి దారిలో ముందు బిగింపు మరింత గట్టిగా ఉంటుంది కనుక దానివైపే మొగ్గేవాడిని.

బోర్లా

మెడ వెనుక ఆపరేషన్‌లో తలను మూడు మొనల బిగింపుతో పట్టి ఉంచడం రివాజు. పగుళ్ల వల్ల అదీ కుదరదు. కళ్లు, ముక్కు దగ్గర ఖాళీలున్న ఫోమ్ దిండుపై ముఖాన్ని ఆనించి, కింద అద్దం పెట్టి, కనుగుడ్లపై ఒత్తిడి లేదని పావుగంటకోసారి చూసేందుకు ఒకరిని కేటాయించాము. ఇలా నొక్కుకుపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఆ నష్టం తీరేది కాదు.

తిప్పిన కొద్దిసేపటికే మెదడు ఒత్తిడి 24కు ఎక్కింది. చికిత్స అవసరమని చెప్పే హద్దు 22. మందులకు పోకముందు కారణాలు వెతికాము. తల వైపు టేబుల్‌ను ఎత్తాము, పొట్ట కింద ఖాళీ ఉందో లేదో చూశాము. తిప్పేటప్పుడు రక్షణగా ఉంచిన కాలర్ ఇంకా మెడకే ఉంది, దాని అంచు మెడ సిరలను నొక్కుతోంది. దానిని తీసేయగానే ఒత్తిడి 17కు దిగింది.

వెనకనుంచి చూస్తే అనుమానించినట్టే విరిగిన కొన కుడి కీలులో అడ్డంగా ఉంది. దానిని తీసి, ఆరో వెన్నుపూస ఫెసెట్ల పై అంచును రెండువైపులా డ్రిల్‌తో కొద్దిగా అరగదీశాక, వెన్నుపూసల వెనుక పొడుచుకొచ్చే ముల్లు ఎముకలను ఫోర్సెప్స్‌తో పట్టి మెల్లగా కదిలిస్తే పెద్దగా బలం లేకుండానే వెన్నుపూస స్థానంలోకి వచ్చింది. తరంగాలు మారలేదు.

స్క్రూల క్రమం గురించి ఒక మాట. కుడి వెర్టిబ్రల్ ధమని ఇప్పటికే మూసుకుపోయింది, మెదడు వెనుక భాగానికి ఆధారం ఎడమది ఒక్కటే. కాబట్టి కుడివైపు ముందు బిగించి, అక్కడ పట్టు గట్టిగా ఉందని తేలాకే ఎడమకు వెళ్లాము. ఎడమవైపు పొట్టి స్క్రూలనే, బాగా బయటివైపుకు వంచి, అవతలి పొర దాటకుండా వేశాము. పట్టు కొంత తగ్గినా సరే, ఉన్న ఒక్క ధమనిని పణంగా పెట్టలేము. ఎక్స్‌రేలో ముందున్న గ్రాఫ్ట్ కదలకుండా ఉంది.

తర్వాత

ఒత్తిడి 20 లోపు నిలకడగా ఉండడంతో మూడో రోజున ప్రోబ్ తీసేశాము. సీటీలో కమిలిన భాగం ఇక పెరగడం లేదని తేలాకే కాళ్ల సిరల్లో గడ్డలు రాకుండా హెపారిన్, మరికొన్ని రోజులు ఆగి ఆస్పిరిన్ మొదలయ్యాయి. అప్పటివరకు కాళ్లకు గాలి పంపులే. తల గాయంలో చీము పట్టలేదు, మెదడు ద్రవం కారలేదు.

ఏడాది తర్వాత ఆయన చేతికర్ర సాయంతో నడుస్తున్నారు, ఏషియా తరగతి డి. కుడి చేతి పట్టు ఇంకా తక్కువే. వెన్నుపూసలు అతుక్కున్నాయి. పునరావాసంలో మాత్రం మేము ఊహించిన దానికంటే తల గాయమే ఎక్కువ ఆటంకమైంది. మూత్రాశయాన్ని వేళకు గొట్టంతో ఖాళీ చేసుకోవడం వెన్నుపాము గాయపడిన వారు త్వరగానే నేర్చుకుంటారు. ఈయనకు చేతులు సహకరించినా వేళ గుర్తుండేది కాదు, గుర్తు చేస్తే కోపం వచ్చేది. ఫోన్ అలారం, గోడకు అంటించిన బొమ్మల వరుస పెట్టాకే అలవాటు కుదిరింది.

ఈ కేసు తర్వాత మా విభాగంలో రెండు గాయాలూ ఉన్న రోగిని థియేటర్‌కు తీసుకెళ్లే ముందు, ఏ గాయం దేనిని వాడనివ్వడం లేదో మత్తు డాక్టరుతో కూర్చుని రాసుకుంటున్నాము: మొనల బిగింపు, మందులు, రక్తపోటు హద్దులు, పడుకోబెట్టే తీరు, సంకేతాల పరీక్ష. అలా రాసుకుంటే ముందు ఏది చేయాలన్నది చాలాసార్లు ఆ కాగితం మీదే తేలుతోంది.

అయితే ఈ క్రమం ప్రతి రోగికీ సరిపోదు. స్కోరు 8 లోపు ఉండి, మెదడు వాచి, వెల్లకిలా ఉన్నప్పుడే ఒత్తిడి అదుపు తప్పుతున్న రోగిని బోర్లా తిప్పే ధైర్యం నేను చేయను. అప్పుడు ముందునుంచి డిస్క్ తీసి వెన్నుపాముపై ఒత్తిడి తగ్గించి, జారుడు పూర్తిగా సరికాకపోయినా తలనూ మెడనూ కదలకుండా దన్నులతో ఉంచి, మెదడు కుదుటపడ్డాకే వెనుక భాగానికి వెళ్లడం మేలని నా అభిప్రాయం. ఆ ఆలస్యంలో వెన్నుపాము కొంత నష్టపోవచ్చని ఆపరేషన్‌కు ముందే కుటుంబానికి చెప్పాలి.